కందెన: బండి ఇరుసు నుండి పందెపు కారు వరకు

ఉద్దేశం: లోహం లోహాన్ని ఒరుసుకొనే ప్రతిచోటా కందెన అవసరం. అది యంత్రంలో ఉంటే చాలదు. కావలసిన క్షణంలో కావలసిన చోట ఉండాలి. విద్యార్థులు నిర్మించే పందెపు కారు ఆధారంగా ఈ సూత్రాన్ని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

నిజామాబాదు జిల్లాలోని చెరకు పల్లెలకు కందెన కొత్త మాట కాదు. 1937లో నెలకొల్పబడి, 2015లో మూతపడిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో బోధన్ శక్కర్‌నగర్‌కు చెరకు బండ్లు బారులు తీరేవి. ఆముదంలో మసి కలిపిన కందెనను బండివాడు ఇరుసుకు పట్టించేవాడు. కందెన లేని ఇరుసు కీచుమంటుంది, వేడెక్కుతుంది, అరిగిపోతుంది. ఇరుసుమీద చక్రం నెమ్మదిగా తిరుగుతుంది కనుక ఒకసారి పూసిన కందెన చాలాదూరం వచ్చేది. నిమిషానికి 10,000 సార్లు తిరిగే క్రాంక్‌షాఫ్టుకు అలా కుదరదు. దానికి నూనె ఎడతెగకుండా అందాలి.

సాధారణ వాహనాల్లో ఇంజను అడుగున సంప్ అనే తొట్టి ఉంటుంది. అందులోని నూనెను పంపు పీల్చి బేరింగుల్లోకి నెడుతుంది. షాఫ్టుకూ బేరింగుకూ నడుమ వెంట్రుకకంటె పలుచని నూనెపొర ఏర్పడుతుంది. లోహాన్ని లోహం తాకకుండా కాపాడేది ఆ పొరే. పంపు నోటికి నూనెకు బదులు గాలి అందితే పీడనం పడిపోతుంది, పొర తెగుతుంది, కొద్ది క్షణాల్లోనే బేరింగు దెబ్బతింటుంది.

అమెరికాలో ఆరంభమైన ఫార్ములా ఎస్.ఏ.ఇ. పోటీలో ఇంజనీరింగు విద్యార్థులు తాము రూపొందించిన చిన్న పందెపు కారును తామే నడుపుతారు. మనదేశంలోని సుప్రా ఎస్.ఏ.ఇ. ఇండియా, ఫార్ములా భారత్ పోటీలు ఆ కోవకు చెందినవే. పెట్రోలుతో నడిచే ఇటువంటి కార్లలో పెక్కింటికి మోటారుసైకిలు ఇంజనే ఆధారం. చిక్కు అక్కడే ఉంది. మలుపులో మోటారుసైకిలు లోపలికి ఒరుగుతుంది. ఇంజను కూడా దానితోపాటే ఒరగడంవల్ల నూనె సంప్ అడుగునే నిలుస్తుంది. కారు అలా ఒరగదు. అందువల్ల నూనె జడత్వంచేత మలుపుకు వెలుపలివైపు గోడమీదికి ఎగబాకుతుంది.

ఎంత ఎగబాకుతుందో లెక్కకట్టవచ్చు. పోటీలోని వలయాకార పరీక్షలో కారు సుమారు 9 మీటర్ల వ్యాసార్ధంతో తిరుగుతుంది. ఒక చుట్టుకు 5 సెకన్లు పడితే వేగం సెకనుకు 11.3 మీటర్లు. పక్కకు కలిగే త్వరణం గురుత్వ త్వరణానికి దాదాపు ఒకటిన్నర రెట్లు. అప్పుడు నూనెమట్టం సుమారు 55 డిగ్రీలు వాలుతుంది. నీళ్లు నింపిన పళ్లెం పట్టుకొని పరుగెత్తుతూ చటుక్కున మలుపు తిరిగితే ఏమవుతుందో ఊహించండి. సంప్‌లో తగినంత నూనె ఉన్నా పంపు నోరు ఎండిపోవచ్చు.

దీనికి విరుగుడు డ్రై సంప్. ఈ పద్ధతిలో నూనెను ఇంజను అడుగున కాక వేరొక ట్యాంకులో నిలువ చేస్తారు. ఒక పంపు ట్యాంకునుండి బేరింగులకు నూనెను పంపుతుంది. ఒకటో రెండో ఇతర పంపులు అడుగుకు జారిన నూనెను వెంటనే తోడి ట్యాంకుకు చేరుస్తాయి. ఇది మనం ఎరుగని ఏర్పాటు కాదు. కంఠేశ్వర్ వీధుల్లో డుగుడుగుమంటూ సాగే పాత బుల్లెట్ ఇంజను సైతం నూనెను విడి అరలో దాచుకొని, రెండు పంపులతో తిప్పుకొనేదే.

దీనిని అమర్చేటప్పుడు కొన్ని జాగ్రత్తలు తప్పవు. అడుగునుండి వచ్చేది గాలి కలిసిన నురగ కనుక, తోడే పంపుల సామర్థ్యం పంపే పంపుకంటె ఎక్కువగా ఉండాలి. ట్యాంకు సన్నగా, ఎత్తుగా ఉండాలి. తిరిగివచ్చిన నూనె దాని గోడవెంట సుడి తిరుగుతూ దిగితే గాలి విడిపోతుంది. ట్యాంకు అడుగునుండి పంపుకు వెళ్లే గొట్టం వెడల్పుగా, పొట్టిగా ఉండాలి. గాలి వెలుపలికి పోయే గొట్టం చివర నూనెతుంపరలను పట్టే డబ్బా ఉంచాలి. మోటారుసైకిలు ఇంజనులో సాధారణంగా గేర్లు కూడా అదే నూనెతో తడుస్తాయి. ఆ గదిలో చేరిన నూనెను తోడే మార్గం మరువరాదు. తొలిసారి నడిపేముందు స్పార్క్‌ప్లగ్గులు తీసి, స్టార్టరుతో ఇంజనును తిప్పి, పీడనం వచ్చిందని రూఢి చేసుకోవాలి. నూనెమట్టాన్ని ఇంజను వేడెక్కి నడుస్తున్నప్పుడే చూడాలి. ఆపి ఉంచితే ట్యాంకులోని నూనె మెల్లగా ఇంజనులోకి దిగవచ్చు.

సంప్ లోతు తగ్గడంవల్ల ఇంజనును కిందికి దించి అమర్చవచ్చు. గరిమనాభి దిగి కారుకు నిలకడ పెరుగుతుంది. అయితే ఖర్చూ, గొట్టాల కీళ్లూ పెరుగుతాయి. పంపును తిప్పే బెల్టు తెగితే ఏర్పాటంతా వ్యర్థం. అందుచేత కొన్ని జట్లు పాత సంప్‌లోనే అడ్డుగోడలు, ఒకవైపే తెరుచుకొనే తలుపులు పెట్టి సరిపెట్టుకొంటాయి. ఏ మార్గం ఎంచుకొన్నా తీర్పు చెప్పేది పీడనమాపకమే. ట్రాక్‌మీద ప్రతి మలుపులోనూ పీడనాన్ని నమోదు చేసి, త్వరణంతో పోల్చి చూడాలి. పీడనం ఎక్కడ తగ్గిందో కనిపెట్టి సరిదిద్దిన జట్టు 22 కిలోమీటర్ల ఓర్పు పరీక్షకు ధైర్యంగా వెళ్లగలదు. కనిపెట్టని జట్టు ఏడాది శ్రమ ఒక్క మలుపులో వృథా కావచ్చు.

అర్థాలు

ఇరుసు = బండి చక్రాలు తిరిగే కడ్డీ
విరుగుడు = నివారణోపాయం
జడత్వం = ఉన్న స్థితిని మార్చుకోకుండా నిలిచే వస్తు స్వభావం
గరిమనాభి = వస్తువు బరువంతా కేంద్రీకృతమైనట్లు భావించే బిందువు

ప్రశ్నలు

1. మోటారుసైకిలు ఇంజనును కారులో అమర్చినప్పుడు కలిగే చిక్కును వివరించండి.
2. తోడే పంపుల సామర్థ్యం ఎక్కువగా ఎందుకు ఉండాలి?
3. "తీర్పు చెప్పేది పీడనమాపకమే" – సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.