కంప్యూటర్‌కి జ్వరం వస్తే



ఇండియా వెళ్ళినప్పుడల్లా మనలో చాలామందికి ఒక పరీక్ష ఎదురవుతుంది. "నువ్వు కంప్యూటర్ ఇంజనీరువి కదరా, ఈ ప్రింటరు ఎందుకు పనిచెయ్యట్లేదో కాస్త చూడు" అంటాడు మామయ్య. మనం అటూ ఇటూ చూసి, ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చేసి, అదృష్టం బాగుంటే పరువు దక్కించుకుంటాం. ప్రోగ్రాములు రాయడం వేరు, పెట్టె విప్పి బాగుచెయ్యడం వేరు. ఈ సంగతి మా బడి వాలంటీర్లకు ఒక నష్టం జరిగాక గానీ తెలిసిరాలేదు. ఆ నష్టం మీకు జరగకూడదనే ఈ పాఠం.

మేము చేసిన పొరపాటు

కొన్నేళ్ళ క్రితం మా బడికి ఒక డెస్క్‌టాప్ కంప్యూటర్ ఉండేది. ప్రశ్నపత్రాలు, నాటకాల స్క్రిప్టులు, పిల్లలు మొదటిసారి గుణింతాలు చదివిన రికార్డింగులు అన్నీ అందులోనే. ఒక విద్యార్థి తాతగారు ఆరు నెలలు ఇక్కడ ఉన్నప్పుడు ప్రతి శనివారం వచ్చి పిల్లలకు కథలు చెప్పేవారు. ఆ పన్నెండు కథలూ అందులోనే.

వార్షికోత్సవానికి దాన్ని కారులో హాలుకి తీసుకెళ్ళి తెచ్చాం. ఆ వారం నుంచే నీలం తెర చూపించి ఆగిపోవడం మొదలుపెట్టింది. మాలో నలుగురం సాఫ్ట్‌వేర్ వాళ్ళమే. ఒకరు వైరస్ అన్నారు, ఇంకొకరు విండోస్ పాడైందన్నారు. డిస్కు మొత్తం ఫార్మాట్ చేసి విండోస్ కొత్తగా వేశాం. పాత ఫైళ్ళ కాపీ ఇంకొకరి దగ్గర ఉందని ప్రతి ఒక్కరమూ అనుకున్నాం. ఎవరి దగ్గరా లేదు. మూడో రోజు మళ్ళీ నీలం తెర!

చివరికి పెట్టె తెరిచి చూస్తే, ర్యామ్ ముక్క ఒక పక్క కొద్దిగా పైకి లేచి ఉంది. కారు కుదుపులకు వదులైనట్టుంది. తీసి మళ్ళీ పెట్టి నొక్కితే టక్కుమని కూర్చుంది. ఆ తరవాత ఆ యంత్రం ఒక్కసారి కూడా ఆగలేదు. రెండు నిమిషాల పనికి కొండను తవ్వి ఎలుకను పట్టాం. తవ్వడంలో కథలన్నీ పోయాయి. తాతగారు ఆ మరుసటి ఏడాది కాలం చేశారు.

నాలుగు సూత్రాలు

1. ముందు దాచుకోవడం, తరవాత బాగుచెయ్యడం. కంప్యూటర్ మొదలు కాకపోయినా డిస్కు బాగుండవచ్చు. డిస్కు విప్పి యూఎస్‌బీ కేబులుతో ఇంకో కంప్యూటర్‌కి తగిలించి ఫైళ్ళు తీసుకోవచ్చు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంటుంది. దాని రికవరీ కీ సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. యంత్రం బాగున్న రోజునే చూసి రాసిపెట్టుకోండి.

2. డాక్టరులా ప్రశ్నలు అడగండి. పిల్లవాడికి జ్వరం వస్తే డాక్టరుగారు ముందు ఏమడుగుతారు? "ఎప్పటినుంచి? నిన్న ఏం తిన్నాడు?" ఇక్కడా అంతే. ఎప్పుడు మొదలైంది? దానికి ముందు ఏం మారింది? మేము "కారులో తీసుకెళ్ళాం" అన్న ఒక్క మాట గుర్తు చేసుకుని ఉంటే సరిపోయేది.

3. బయటి నుంచి లోపలికి, ఖర్చు లేనిదాని నుంచి ఖర్చున్నదానికి. ముందు తీగలు, తరవాత లోపలి ముక్కలు, ఆ తరవాతే కొత్త భాగాలు కొనడం.

4. ఒకసారికి ఒక్క మార్పే. మూడు మార్చాక బాగైతే దేనివల్ల బాగైందో తెలియదు. చేసిన ప్రతి పనీ నోటుపుస్తకంలో రాయండి.

లక్షణం చూసి రోగం పట్టడం

అసలు ఆన్ కావడం లేదు: గోడలోని ప్లగ్గుకి ఒక దీపం పెట్టి చూడండి. డెస్క్‌టాప్ వెనకవైపు చిన్న స్విచ్ ఆఫ్‌లో ఉందేమో చూడండి. ల్యాప్‌టాప్ అయితే ఛార్జరు తీసి, పవర్ బటన్ అరనిమిషం నొక్కి పట్టుకుని, మళ్ళీ ఛార్జరు పెట్టి ప్రయత్నించండి.

ఫ్యాను తిరుగుతోంది, తెర నల్లగా ఉంది: మానిటర్ కేబులు రెండు చివరలా చూడండి. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబులు దానికే తగిలించాలి. కొన్ని యంత్రాలు "బీప్" శబ్దాలతో తమ బాధ చెబుతాయి. ఆ శబ్దాల అర్థం కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి మాన్యువల్ చూడాలి. తరవాత ర్యామ్ తీసి మళ్ళీ పెట్టండి.

మధ్యలో ఆగిపోతోంది: కారణం తరచుగా వేడి గానీ, ర్యామ్ గానీ. ఆడుతుండగా ఆగితే ముందు దుమ్మును అనుమానించండి. ఎప్పుడు పడితే అప్పుడు ఆగితే మెమ్‌టెస్ట్86+ అనే ఉచిత ప్రోగ్రాముతో రాత్రంతా ర్యామ్ పరీక్ష పెట్టండి.

చాలా నెమ్మది: విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి ఏది ఎక్కువ వాడుతోందో చూడండి. డిస్కు ఎప్పుడూ 100 శాతం దగ్గర ఉండి, అది నిమిషానికి 5400 సార్లు తిరిగే పాతరకం హార్డ్ డిస్కు అయితే, ఎస్‌ఎస్‌డీ వెయ్యండి. ముసలి యంత్రానికి ఇంతకన్నా మంచి మందు లేదు.

తేదీ, సమయం తప్పుతున్నాయి: డెస్క్‌టాప్ మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళలాంటి బ్యాటరీ ఉంటుంది. చాలావాటిలో అది సీఆర్2032, 3 వోల్టులు. అది అయిపోతే గడియారం వెనక్కి పోతుంది. తేదీ తప్పైతే బ్యాంకు వెబ్‌సైట్లు కూడా తెరుచుకోవు. నెట్ పాడైందని మనం ఫోన్లు చేస్తూ కూర్చుంటాం!

హార్డ్ డిస్కు టిక్కు టిక్కుమంటోంది: వెంటనే ఆపెయ్యండి. మళ్ళీ మళ్ళీ ఆన్ చేసిన కొద్దీ మిగిలినది కూడా పోవచ్చు. విలువైన ఫైళ్ళుంటే డేటా తీసిపెట్టే నిపుణుల దగ్గరకే.

పెట్టె తెరిచే ముందు

పిల్లలూ, పెద్దవాళ్ళు పక్కన లేకుండా తెరవకండి. ప్లగ్గు తీసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి, లోపలి లోహపు భాగాన్ని తాకండి. చలికాలం హీటరు గాలికి ఇల్లు పొడిబారుతుంది. మేజోళ్ళతో కార్పెట్ మీద నడిచి తలుపు పట్టుకుంటే చురుక్కుమంటుంది కదా, ఆ చురుకు చాలు ఒక చిప్పు పాడవడానికి.

పవర్ సప్లై డబ్బాను మాత్రం ఎప్పుడూ విప్పవద్దు. ప్లగ్గు తీసినా అందులో కొంతసేపు ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉబ్బితే ఛార్జింగ్ ఆపండి. దాన్ని నొక్కవద్దు, గుచ్చవద్దు, చెత్తబుట్టలో వెయ్యవద్దు. బ్యాటరీలు తీసుకునే కేంద్రంలో ఇవ్వాలి.

ఆరోగ్యంగా ఉంచడం

ఆరునెలలకోసారి దుమ్ము దులపండి. స్ప్రే గాలి డబ్బాతో ఊదేటప్పుడు ఫ్యాను రెక్క తిరగకుండా వేలితో పట్టుకోండి. వాక్యూమ్ క్లీనర్ వద్దు. కంప్యూటర్ వంటింటి పక్కన ఉంటే పోపు జిడ్డుకి దుమ్ము అంటుకుని గట్టిపడుతుంది. చోటు మార్చండి. ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టి వాడకండి, దానికి ఊపిరాడదు.

పాత డెస్క్‌టాప్ ఇండియా పట్టుకెళ్తున్నారా? ఇక్కడ గోడలో 120 వోల్టులు, అక్కడ 230. పాత పవర్ సప్లైలకు వెనక 115, 230 అని ఎర్ర స్విచ్ ఉంటుంది. అది మార్చకుండా పెడితే ఢామ్మంటుంది. ల్యాప్‌టాప్ ఛార్జరు మీద 100 నుంచి 240 వోల్టులు అని రాసి ఉంటే భయం లేదు.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11కి సరిపోని యంత్రాలు చాలా ఇళ్ళలో మూలన పడ్డాయి. వాటిని పారెయ్యకండి. లినక్స్ మింట్‌లాంటి ఉచిత వ్యవస్థ వేస్తే పిల్లల చదువుకి చక్కగా పనికొస్తాయి. అందులో తెలుగు కూడా టైపు చెయ్యవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం కాపీలు. ఏ ఫైలైనా మూడు చోట్ల, రెండు రకాల పరికరాల మీద, అందులో ఒకటి ఇల్లు దాటి ఉండాలి. అప్పుడప్పుడు ఆ కాపీ తెరిచి చూడాలి కూడా. లేకపోతే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

తాతగారి కథల్లో ఒకటి మాత్రం దొరికింది. ఒక తల్లి వెనక వరసలో కూర్చుని ఫోనులో తీసిన ఏడు నిమిషాల వీడియో అది. మధ్యలో ఎవరో దగ్గుతారు, ఎవరో కుర్చీ లాగుతారు. ఇప్పుడది మూడు చోట్ల ఉంది. ఏటా మొదటి తరగతి పిల్లలకు చూపిస్తున్నాం. మీ ఇంట్లో తాతయ్యలవీ, అమ్మమ్మలవీ, నానమ్మలవీ గొంతులు ఏ యంత్రంలో ఉన్నాయో ఈ వారమే వెతకండి.

అభ్యాసం

1. మీ ఇంటి కంప్యూటర్‌లో ఉన్నది హార్డ్ డిస్కా, ఎస్‌ఎస్‌డీయా? అమ్మనో నాన్ననో అడిగి తెలుసుకోండి.
2. గడియారం తప్పితే వెబ్‌సైట్లు తెరుచుకోకపోవడం చూసి, ఏ భాగాన్ని అనుమానిస్తారు?
3. మేము చేసిన పొరపాట్లు ఎన్ని? మీరైతే ముందు ఏం చేసేవారు? అయిదు వాక్యాల్లో తెలుగులో రాసి తీసుకురండి.