వినకముందే తీర్పు

గౌరిబిదనూరుకు సమీపంలో, ఉత్తర పినాకినీ నది ఒడ్డున విదురాశ్వత్థమనే గ్రామం ఉంది. ఇక్కడి అశ్వత్థ వృక్షాన్ని మహాభారతంలోని విదురుడు నాటాడని ప్రజల నమ్మకం. ఆ ప్రాచీన వృక్షం 2001లో కూలిపోయింది. భక్తులు ప్రతిష్ఠించిన నాగశిలలు మాత్రం నేటికీ వేల సంఖ్యలో ఉన్నాయి. ముందువెనుకలు విచారించి పని చేయాలని విదురుడు ధృతరాష్ట్రునికి బోధించాడు. ఆ మహనీయుని పేరు గల ఊరిలోనే ఆ బోధను మరచినందువల్ల ఒక ఘోరం జరిగింది.

అది 1938వ సంవత్సరం. అప్పుడు ఈ ప్రాంతం మైసూరు సంస్థానంలో ఉండేది. కాంగ్రెసువారు ఊరూరా త్రివర్ణ పతాకాన్ని ఎగురవేయసాగారు. సంస్థానానికి తన జెండా ఉండగా మరొక జెండా ఎగురవేయడం ధిక్కారమేనని అధికారులు భావించి, దానిని నిషేధించారు. నిజానికి కాంగ్రెసువారు మహారాజును తొలగించమని కోరలేదు. ఆయన ఏలుబడిలోనే ప్రజలకు జవాబుదారీగా ఉండే ప్రభుత్వం కావాలన్నారు. ఆ మాటను ఓపికగా విన్నవారు లేకపోయారు.

ఏప్రిల్ 25న జెండా ఎగురవేయడానికి విదురాశ్వత్థంలో ప్రజలు పెద్ద సంఖ్యలో గుమిగూడారు. పోలీసులు కాల్పులు జరిపారు. 32 మంది మరణించారని ప్రజలు చెప్పారు. ప్రభుత్వం చెప్పిన సంఖ్య అంతకన్న తక్కువ. ఈ ఉదంతంపై విచారణకు వేపా రామేశం అధ్యక్షతన ప్రభుత్వం ఒక సంఘాన్ని నియమించింది.

మే నెలలో సర్దార్ పటేల్, కృపలానీ బెంగుళూరుకు వచ్చారు. దివాను మీర్జా ఇస్మాయిల్‌తో మాట్లాడారు. ఒప్పందం కుదిరింది. సంస్థానపు జెండాతోపాటు కాంగ్రెసు జెండా కూడా ఎగరవచ్చునని ప్రభుత్వం అంగీకరించింది. ఏప్రిల్‌లో నేరమైనది మేలో నేరం కాకపోయింది. జెండా మారలేదు. ఎదుటివారి మాట వినడం మాత్రమే కొత్తగా జరిగింది. ఆ వినడమేదో ముందే జరిగి ఉంటే ఎన్ని ఇళ్లలో దీపాలు ఆరకుండా ఉండేవో!

తొందరపడి ఇచ్చిన తీర్పును తరువాత దిద్దుకోవచ్చు. దానివల్ల పోయిన ప్రాణాలను తిరిగి తేలేము. తరగతిలో ఒకరి వస్తువు కనిపించకపోతే పక్కవానిని దొంగ అనడానికి క్షణం చాలు. వస్తువు దొరికిన తరువాత కూడా ఆ మాట వాని మనసులో ముల్లై ఉంటుంది. కనుక నోరు విప్పకముందు చెవులు విప్పాలి.

ఆలోచించి చెప్పండి

1. అధికారులు జెండాను ఎందుకు నిషేధించారు? వారు తెలుసుకోనిది ఏమిటి?
2. మృతుల సంఖ్యను ఇద్దరు రెండు విధాలుగా చెప్పినప్పుడు నిజం తెలుసుకోవడానికి మీరేం చేస్తారు?