పాటలు ఫోన్‌లోకి ఎక్కనప్పుడు: కొన్ని అనుభవ పాఠాలు

1. ముందు కేబుల్ మార్చి చూడండి. కొన్ని కేబుళ్లలో చార్జింగ్ తీగలే ఉంటాయి, డేటా తీగలుండవు. ఫోన్ చార్జ్ అవుతూనే ఉంటుంది, కంప్యూటర్‌లో మాత్రం కనబడదు. ఆండ్రాయిడ్ అయితే నోటిఫికేషన్ కిందికి లాగి ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ ఎంచుకోవాలి. మ్యాక్‌లో 2019 నాటి కాటలీనా నుంచి ఐట్యూన్స్ లేదు. ఐఫోన్ ఫైండర్‌లో కనిపిస్తుంది.

2. సింక్ అంటే బ్యాకప్ కాదు. కేబుల్‌తో ఆటోమేటిక్ సింక్ పెట్టుకుంటే ఐఫోన్ కంప్యూటర్ చెప్పినట్టే నడుచుకుంటుంది. అక్కడ తీసేసిన పాట ఇక్కడా పోతుంది. కొత్త ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే, ఉన్నవి చెరిపేసి కొత్తవి ఎక్కించమంటారా అని అడుగుతుంది. అక్కడ తొందరపడి సరే అనకండి. ముందు పాటల ఫోల్డర్ మొత్తాన్ని విడిగా ఒక హార్డ్‌డిస్క్‌లో కాపీ చేసి పెట్టుకోండి. సినిమా పాటలు ఎక్కడైనా దొరుకుతాయి. ఇంట్లో క్యాసెట్ల నుంచి ఎక్కించుకున్న హరికథ, రేడియో నాటకం, అమ్మమ్మ పాడిన మంగళహారతి పోతే మళ్లీ దొరకవు.

3. కంప్యూటర్‌లోని పాటల లైబ్రరీలో పాట పక్కన ఆశ్చర్యార్థకం గుర్తు వస్తే భయపడొద్దు. లైబ్రరీ చూసేది పాట ఫైల్ ఎక్కడుందనే చిరునామా. మీరు ఫోల్డర్ పేరు మార్చినా, వేరే డ్రైవ్‌లోకి జరిపినా అది వెతుక్కోలేదు. ఫోల్డర్‌ని పాత పేరుతో పాత చోట పెట్టేయండి, చాలు. అన్నీ తీసేసి కొత్తగా చేర్చడం మాత్రం వద్దు. ఏళ్లుగా కూర్చుకున్న ప్లేలిస్టులు చెదిరిపోతాయి.

4. సింక్ సరిగ్గానే జరిగినా పాటలు కనబడటం లేదనేవాళ్లే ఎక్కువ. చాలాసార్లు తప్పు ట్యాగుల్లోనే, అంటే పాట ఫైల్‌లో రాసి ఉండే వివరాల్లోనే ఉంటుంది. ‘మాయాబజార్’నే తీసుకోండి. ఘంటసాల, పి.లీల, పి.సుశీల, మాధవపెద్ది సత్యం పాడారు. గాయకుల పేర్లే ఉండి ‘ఆల్బమ్ ఆర్టిస్ట్’ గడి ఖాళీగా ఉంటే, ఒక్క సినిమా నాలుగైదు ఆల్బమ్‌లుగా చీలిపోతుంది. అన్ని పాటలకీ ఆ గడిలో ఒకే పేరు రాయండి. నేనైతే సంగీత దర్శకుడి పేరు రాస్తాను, మన సినిమా పాటకి అదే న్యాయం. ఒకచోట తెలుగులో, ఇంకోచోట ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తే ఇద్దరు మనుషులవుతారు, ఏదో ఒకటే పాటించండి. పేర్లు పిచ్చిగీతల్లా కనిపిస్తే అది పాత ఐడీ3 ట్యాగ్ పని కావచ్చు. మొదటి వెర్షన్‌లో పేరుకి 30 బైట్లే చోటు, యూనికోడ్ లేదు. ఎంపీ3ట్యాగ్ లాంటి సాధనంతో 2.3 వెర్షన్‌లోకి మార్చి తెలుగులో మళ్లీ రాయండి. ఓపిక కావాలి, కానీ ఆదివారం మధ్యాహ్నాలు ఇందుకు వెచ్చించదగినవే.

5. ఐఫోన్‌లో క్లౌడ్‌తో నడిచే ‘సింక్ లైబ్రరీ’ ఆన్‌లో ఉంటే కేబుల్‌తో పాటలు ఎక్కవు. క్లౌడ్ కావాలో, కేబుల్ కావాలో తేల్చుకోండి. సొంత సేకరణ ఉన్నవాళ్లకి నేను కేబులే చెబుతాను.

6. ఆండ్రాయిడ్‌లో ఫోల్డర్ ఉండి కూడా ప్లేయర్‌కి కనబడకపోతే, లోపల ‘.నోమీడియా’ అనే ఫైల్ దాగి ఉందేమో చూసి తీసేయండి.

7. ఫ్లాక్ ఫైళ్లని ఐట్యూన్స్ తీసుకోదు. ఆపిల్ లాస్‌లెస్‌లోకి మార్చుకుంటే నాణ్యత తగ్గదు. అసలు ఫ్లాక్‌ని మాత్రం హార్డ్‌డిస్క్‌లో అలాగే ఉంచండి.