ఆల్‌స్ట్రోమ్‌ను పోల్చుకునే దారి

నెలల బిడ్డ. వెలుతురు తగిలితే చాలు, కళ్లు మూసేసుకుంటుంది. కనుగుడ్లు నిలకడ లేకుండా ఊగుతుంటాయి. స్వీడన్ వైద్యుడు కార్ల్ హెన్రీ ఆల్‌స్ట్రోమ్ 1959లో సహచరులతో కలిసి వివరించిన ఆల్‌స్ట్రోమ్ సిండ్రోమ్ అనే అరుదైన జబ్బు చాలామందిలో ఇలాగే మొదలవుతుంది. దీనికి కారణం ఏఎల్‌ఎంఎస్‌1 అనే జన్యువులోని లోపమని 2002లో తేలింది.

ముందుగా కంటి పరీక్ష. వెలుతురుకు రెటీనా ఎలా స్పందిస్తోందో ఈఆర్‌జీ (ఎలక్ట్రోరెటినోగ్రామ్) అనే పరీక్షలో కొలుస్తారు. పగటి చూపునూ రంగులనూ పట్టే కోన్ కణాలు మొదట దెబ్బతింటాయి, రాడ్ కణాలు ఆ తర్వాత. అయితే వేరే రెటీనా జబ్బులు కొన్ని పసితనంలో ఇలాగే ఉంటాయి. కంటి దగ్గరే ఆగిపోతే జబ్బుకు తప్పు పేరు పడుతుంది.

కాబట్టి పాత కాగితాలన్నీ ముందు వేసుకోవాలి. పసికందుగా ఉన్నప్పుడు గుండె కండరం బలహీనపడి ఆసుపత్రిలో చేర్చారా? గుండె మళ్లీ కోలుకుంటే, అదేదో వైరస్ వల్ల వచ్చిందనుకుని ఇంట్లోవాళ్లు మరిచిపోతారు. కంటి డాక్టరు అడగరు, వీళ్లు చెప్పరు. మొదటి ఏడాదిలోనే బరువు గబగబా పెరిగిందా? అతిగా తినిపిస్తున్నావని తల్లిని మందలించేవాళ్లే ఎక్కువ. ఎంత అన్యాయం! ఆ ఆకలి, ఆ బరువు జబ్బులో భాగం.

తర్వాత చెవులు. పుట్టినప్పుడు వినికిడి బాగానే ఉందన్న రిపోర్టును నమ్ముకుని కూర్చోకూడదు, బాల్యంలో క్రమంగా తగ్గవచ్చు. మెడ వెనుక చర్మం నల్లగా, మందంగా మారితే ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదేమోనని చూడాలి. షుగరు, ట్రైగ్లిజరైడ్లు, కాలేయం, కిడ్నీలకు రక్తపరీక్షలు చేయించాలి. ఆరో వేలు ఉంటే బార్డే-బీడిల్ అనే మరో జబ్బును అనుమానించాలి.

ఇక వంశవృక్షం. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపమున్న జన్యువులు వస్తేనే ఈ జబ్బు. అమ్మానాన్నలు ఆరోగ్యంగానే ఉంటారు. ప్రతి కాన్పులోనూ 25 శాతం అవకాశం. మన ఇళ్లలో మేనరికం గురించి తప్పక అడగాలి, నింద ధ్వనించకుండా అడగాలి.

చివరికి జన్యుపరీక్ష. బిడ్డ రక్తంతో పాటు తల్లిదండ్రులదీ పంపితేనే ఏ మార్పు ఎవరి నుంచి వచ్చిందో తెలుస్తుంది. రిపోర్టును జెనెటిక్ కౌన్సెలర్ దగ్గర కూర్చుని చదివించుకోండి.

జబ్బును మూలం నుంచి తీసేసే మందు లేదు. చేయగలిగింది మాత్రం చాలా ఉంది. సాధారణంగా ఈ పిల్లల తెలివికి లోటుండదు, అందుకే చూపు మిగిలి ఉండగానే బ్రెయిలీ మొదలుపెట్టాలి, వినికిడి యంత్రం ఆలస్యం చేయకూడదు. గుండెకు ఎకో క్రమం తప్పకుండా తీయించాలి. ఏ చిన్న ఆపరేషన్‌కైనా మత్తు ఇచ్చే ముందు ఆ డాక్టరుకు జబ్బు పేరూ, తాజా ఎకో రిపోర్టూ చూపించాలి.