పలువరుసకు ప్రతిరూపం

చెన్నై నగరంలోని కోడంబాక్కం పేరు వినని తెలుగువారు అరుదు. బీచి స్టేషను నుండి తాంబరం వెళ్ళే రైలుమార్గంలో ఉన్న ఈ పేట, దాని చుట్టుపక్కల ప్రాంతం ఒకప్పుడు తెలుగు, తమిళ చలనచిత్రాలకు పుట్టిల్లు. పక్కనే ఉన్న వడపళనిలోని వాహినీ స్టూడియోలో ‘మాయాబజార్’ చిత్రాన్ని తీశారు. 1957లో విడుదలైన ఆ చిత్రంలో కనిపించే ద్వారకా నగరం నిజమైన నగరం కాదు. అది కళాకారులు కట్టిన చిన్న నమూనా. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లీ దానినే మహానగరంగా చూపించాడు. చూసినవారి కళ్ళు నమ్మాయి.

దంతవైద్యంలో కూడా నమూనాలు ఉన్నాయి. అయితే ఒక భేదం ఉన్నది. సినిమా నమూనా కంటిని నమ్మిస్తే చాలు. పంటి నమూనా అలా కాదు. దాని ఆధారంగా తయారైన వస్తువు మనిషి నోటిలోకి వెళుతుంది. వెంట్రుక మందం తేడా వచ్చినా నాలుక పసికడుతుంది. నోటిని మోసగించడం సాధ్యం కాదు.

పుచ్చిపోయిన పంటిని వైద్యుడు శుభ్రం చేసి, చుట్టూ కొంత అరగదీసి, దానిపై తొడుగు వేస్తాడు. దీనినే వాడుకలో క్యాపు అంటారు. ఆ తొడుగును నోటిలోనే తయారు చేయడానికి వీలు లేదు. అందువలన రోగి పలువరుసకు ప్రతిరూపం కావాలి. చాలాకాలంగా ఈ పనిని అచ్చుతో చేస్తున్నారు. సముద్రపు నాచునుండి తీసిన ఆల్జినేటు అనే పొడిని నీటితో కలిపి, ముద్దగా చేసి, పళ్ళకు అదిమి అచ్చు తీస్తారు. అందులో జిప్సం పిండిని కలిపి పోస్తే పలువరుస నమూనా వస్తుంది. ఆల్జినేటు అచ్చు ఆరితే కుంచించుకు పోతుంది. కాబట్టి ఆలస్యం చేయక పోతపోయడం అత్యవసరం.

ఇప్పుడు మరొక మార్గం కూడా వచ్చింది. కలం వంటి చిన్న స్కానరును నోటిలో తిప్పితే పళ్ళ రూపం కంప్యూటరులో చేరుతుంది. ఆ రూపం వేలకొద్దీ చిన్న త్రిభుజాలతో అల్లిన వలలాగా ఉంటుంది. ఆ వలను వస్తువుగా మార్చే యంత్రమే రెజిన్ ప్రింటరు. కాంతి తగిలితే గట్టిపడే ద్రవంతో పొర తరువాత పొర కట్టి వస్తువును తయారు చేయవచ్చునని జపాను దేశంలోని నగోయాలో హిదెయో కొదామా 1981లో ప్రకటించాడు. అమెరికాకు చెందిన చార్లెస్ హల్ 1984లో ఇటువంటి పద్ధతికే పేటెంటు కోరాడు. 1986లో అది అతనికి లభించింది.

ఈ యంత్రం పని చేసే తీరు విచిత్రంగా ఉంటుంది. అడుగున ఒక తొట్టి, అందులో రెజిన్ ద్రవం ఉంటాయి. తొట్టి అడుగు పారదర్శకమైన పలుచని పటలం. దాని కింది నుండి కాంతి వస్తుంది. చాలా యంత్రాలలో ఈ కాంతి తరంగదైర్ఘ్యం 405 నానోమీటర్లు. పైన ఒక లోహపు పలక ఉంటుంది. పలక ద్రవంలోకి దిగి పటలానికి దగ్గరగా నిలుస్తుంది. కాంతి పడినచోట ఒక పొర గట్టిపడుతుంది. పలక పైకి లేస్తుంది, మళ్ళీ దిగుతుంది, ఇంకొక పొర కడుతుంది. ఈ విధంగా నమూనా చెట్టుకొమ్మను పట్టుకొన్న గబ్బిలంలాగా తలకిందులుగా వేలాడుతూ పెరుగుతుంది.

ఇక్కడే ఊతల అవసరం వస్తుంది. ఇంటికి కాంక్రీటు కప్పు పోసేటప్పుడు కింద సెంట్రింగు కట్టి పోట్లు పెట్టడం అందరూ చూసినదే. పోటు లేకపోతే కప్పు కూలుతుంది. రెజిన్ ప్రింటరులోనూ అంతే. ప్రతి పొరా గట్టిపడగానే అడుగునున్న పటలానికి కూడా అతుక్కొంటుంది. పలక లేచినప్పుడు పొర అక్కడినుండి ఊడి రావాలి. పొర వైశాల్యం ఎక్కువైన కొద్దీ లాగే బలం కూడా ఎక్కువ కావాలి. నమూనాను పలకకు గట్టిగా పట్టి ఉంచేది ఏదీ లేకపోతే అది పటలానికే మిగిలిపోతుంది. అలాగే పై పొరతో సంబంధం లేకుండా ఒక భాగం గాలిలో మొదలైతే, అది పట్టు లేని దీవిలాగా తొట్టిలో తేలిపోతుంది. ఇటువంటి చోట్ల పుల్లలవంటి సన్నని ఊతలు పెట్టాలి.

ఊత ఎక్కడ పెట్టాలన్నది కత్తిమీద సాము వంటిది. ఒక సందర్భాన్ని ఊహించండి. గుమ్మిడిపూండికి చెందిన ఒక పెద్దాయన కింది దవడ పంటికి తొడుగు కావాలి. ఆయన లోకల్ రైలులో సెంట్రలుకు వచ్చి, రోడ్డు దాటి పార్కు స్టేషనులో మరో రైలెక్కి కోడంబాక్కంలో దిగి, దంతవైద్యునికి చూపించుకొన్నాడు. స్కాను తీసి డెంటల్ ల్యాబుకు పంపారు. అక్కడ కొత్తగా చేరిన కుర్రవాడు నమూనాను కంప్యూటరులో పళ్ళు పలకవైపుకు ఉండేటట్లు పెట్టి, ఊతలు పెట్టే పనిని సాఫ్టువేరుకే అప్పగించాడు. అది పళ్ళ నమిలే ముఖాలనిండా ఊతలు నాటింది. ప్రింటు పూర్తి అయింది. ఊతలు తుంచగానే పళ్ళమీద మొటిమలవంటి గుర్తులు మిగిలాయి. కుర్రవాడు గరుకు కాగితం తీశాడు.

పక్కన పనిచేస్తున్న సీనియరు ఉద్యోగిని ఆగమన్నది.

“గీకితే పోతాయి గదా అక్కా!” అన్నాడు కుర్రవాడు.

“గుర్తుతోపాటు పంటి శిఖరం కూడా పోతుంది తమ్ముడూ! గీకకుండా వదిలితే తొడుగు దీనిమీద సరిగా కూర్చోదు. అప్పుడు తప్పు తొడుగుదే అనుకొని దాని లోపల అరగదీస్తావు. నమూనామీద అది చక్కగా కూర్చుంటుంది. నోటిలో మాత్రం వదులవుతుంది.”

“వదులైతే సిమెంటు పెడతారు గదా?”

“సందు పెద్దదైతే సిమెంటు కరిగిపోతుంది. అందులో తిండి చేరి, కిందనున్న మంచి పన్ను కూడా పుచ్చుతుంది. ఆ పెద్దాయన రెండు రైళ్ళు మారి వచ్చింది ఉన్న పన్ను పోగొట్టుకోవడానికి కాదు.”

కుర్రవాడు ఆ నమూనాను పక్కన పెట్టి మళ్ళీ కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

ఆమె మాటలో అతిశయోక్తి లేదు. మెక్‌లీన్, ఫ్రౌన్‌హోఫర్ అనే పరిశోధకులు వెయ్యికి పైగా పంటి పనులను అయిదేళ్ళపాటు పరిశీలించి, 1971లో ఒక కొలత చెప్పారు. తొడుగు అంచుకు, పంటికి మధ్య సందు 120 మైక్రాన్లు మించకూడదు. అంటే మిల్లీమీటరులో ఎనిమిదోవంతు కంటె తక్కువ. వారి తరువాత వచ్చినవారు ఈ కొలతను చాలాకాలంగా ఉదాహరిస్తున్నారు.

కాబట్టి నమూనాను సిద్ధం చేయడంలో ఒక క్రమం ఉన్నది. మొట్టమొదట స్కానులోని త్రిభుజాల వలను పరిశీలించాలి. చిరుగులు ఉంటే పూడ్చాలి. చెంప, నాలుక తగిలి వచ్చిన అనవసర భాగాలను కత్తిరించాలి. అరగదీసిన పంటి అంచులను మాత్రం సాఫ్టువేరు నునుపు చేయకుండా చూడాలి. తరువాత పళ్ళకింద చదునైన పీఠం కట్టాలి.

రెండవది డొల్ల చేయడం. లోపల ఖాళీగా ఉంచితే రెజిన్ ఆదా అవుతుంది. కాని గోడలు మరీ పలుచనైతే నమూనా వంగుతుంది. రెండు మూడు మిల్లీమీటర్ల మందం ఉంచడం వాడుక. పళ్ళమీద ప్లాస్టిక్ రేకును వేడిచేసి అదిమే పనికైతే డొల్ల లేని నమూనా మేలు. డొల్ల నమూనా పటలంపై బోర్లించిన గిన్నెలాగా పీల్చి పట్టుకొంటుంది. అందుచేత పలకకు దగ్గరగా పీఠపు గోడలో చిన్న రంధ్రాలు పెట్టాలి. గాలి ఆడుతుంది, లోపలి ద్రవం కూడా కారిపోతుంది.

మూడవది నిలిపే తీరు. పీఠాన్ని నేరుగా పలకకు ఆనించి, పళ్ళు పలకకు దూరంగా ఉండేటట్లు పెడితే చాలాసార్లు ఊతలే అక్కరలేదు. అయితే మొదటి పొరలు పలకకు గట్టిగా అంటుకోవడానికి వాటిపై కాంతిని ఎక్కువసేపు ప్రసరింపజేస్తారు. దానివల్ల పీఠపు అంచు ఏనుగు పాదంలాగా వెడల్పవుతుంది. అంచును ముందే కొంచెం ఏటవాలుగా చెక్కితే ఈ దోషం తగ్గుతుంది. నమూనాను వాల్చి నిలపవలసి వస్తే ఊతలన్నీ పీఠపు అడుగునే ఉండాలి. నమిలే ముఖంమీద, అరగదీసిన పంటి అంచుమీద, పక్కపళ్ళు ఒకదానికొకటి తగిలేచోట ఊత తగలకూడదు. చివరగా పొరలను ఒక్కొక్కటిగా తెరమీద చూసి, ఎక్కడైనా దీవి మిగిలిందేమో వెదకాలి. ప్రింటు పాడైన తరువాత చింతించడం చేతులు కాలాక ఆకులు పట్టుకొన్నట్లే.

ఇందులో చిన్న లెక్క కూడా ఉన్నది. పొర మందం 0.05 మిల్లీమీటరు అనుకోండి. 20 మిల్లీమీటర్ల ఎత్తు గల నమూనాకు 400 పొరలు కావాలి. ఒక్కొక్క పొరకు 9 సెకన్లు పడితే మొత్తం 3,600 సెకన్లు, అంటే ఒక గంట. అదే నమూనాను నిలువుగా నిలిపితే ఊతలతో కలిసి ఎత్తు 65 మిల్లీమీటర్లు అవుతుందనుకోండి. అప్పుడు 1,300 పొరలు, మూడుంబావు గంటలు. కాని పొర మొత్తానికి ఒకేసారి కాంతి పడే యంత్రాలలో ఒక నమూనా ఉన్నా, పది ఉన్నా పట్టే కాలం ఒకటే. నిలువుగా పెడితే ఎక్కువ నమూనాలు పడతాయి. అందుచేత ఒక్కటి త్వరగా కావాలంటే పడుకోబెట్టడం, చాలా కావాలంటే నిలబెట్టడం అనుకూలం. పొడవు వెడల్పులు, ఎత్తు తెలిసినవారికే ఈ ఎంపిక తెలుస్తుంది.

యంత్రం ఆగగానే పని ముగియదు. నమూనాను ఐసోప్రొపైల్ ఆల్కహాలులో కడగాలి. మొదట వాడిన ద్రావణంలో, తరువాత శుభ్రమైన దానిలో కడగడం మంచిది. ఎక్కువసేపు నానితే నమూనా మెత్తబడుతుంది. ఆరిన తరువాత రెజిన్ తయారీదారులు చెప్పిన ఉష్ణోగ్రతలో, చెప్పినంతసేపు కాంతిపెట్టెలో ఉంచి పూర్తిగా గట్టిపరచాలి. ఊతలు తీసే అదనును కూడా వారి సూచనలను బట్టే నిర్ణయించాలి.

పనివారి ఆరోగ్యం కూడా ముఖ్యమే. గట్టిపడని రెజిన్ చర్మానికి తగిలితే దురద, దద్దురు రావచ్చు. ఒకసారి పడకపోవడం మొదలైతే అది జీవితాంతం ఉండవచ్చు. నైట్రైలు చేతితొడుగులు, కళ్ళద్దాలు ధరించాలి. గదిలో గాలి ఆడాలి. ఆల్కహాలుకు నిప్పు త్వరగా అంటుకొంటుంది కనుక దీపాలు, పొయ్యిలు దగ్గర ఉండరాదు. మిగిలిన రెజిన్‌ను మురుగుకాలువలో పోయరాదు. అది నీటిలోని ప్రాణులకు హాని చేస్తుంది.

ఆ రోజు కోడంబాక్కం కుర్రవాడు రెండోసారి తీసిన నమూనాకు పీఠం అడుగున మాత్రమే ఊతల గుర్తులు ఉన్నాయి. పళ్ళు అద్దంలా ఉన్నాయి. తొడుగు నమూనామీద చిన్న చప్పుడుతో కూర్చున్నది. ఆ నమూనాను పెద్దాయన చూడలేదు, చూడవలసిన అవసరమూ లేదు. తరువాతి వారం తొడుగు పెట్టించుకొని, పళ్ళు రెండుసార్లు కొరికి చూసి, ఏమీ తెలియడం లేదన్నాడు. ఏమీ తెలియకపోవడమే ఆ పనికి దక్కే మెప్పు.

పదాలు – అర్థాలు

ప్రతిరూపం = ఒకదానిని పోలిన మరొక రూపం
పసికట్టు = గుర్తుపట్టు, కనిపెట్టు
ఊత = ఆధారం, ఆనిక
పోటు = బరువు మోయడానికి కింద నిలిపే కర్ర
పటలం = పలుచని పొర
డొల్ల = లోపల ఖాళీ గలది
అదను = తగిన సమయం
మైక్రాన్ = మిల్లీమీటరులో వెయ్యవ వంతు

ప్రశ్నలు

అ) ఒకటి రెండు వాక్యాలలో జవాబులు వ్రాయండి.
1. సినిమా నమూనాకు, పంటి నమూనాకు గల భేదమేమి?
2. రెజిన్ ప్రింటరులో నమూనాను గబ్బిలంతో ఎందుకు పోల్చారు?
3. డొల్ల నమూనాకు రంధ్రాలు ఎందుకు పెట్టాలి?

ఆ) పది వాక్యాలలో జవాబులు వ్రాయండి.
1. ఊతలు ఎక్కడ ఉండవచ్చు? ఎక్కడ ఉండరాదు? కారణాలు తెల్పండి.
2. ‘ఏమీ తెలియకపోవడమే ఆ పనికి దక్కే మెప్పు’ – ఈ మాటను వివరించి, ఇటువంటి మరొక వృత్తిని గురించి వ్రాయండి.

ఇ) లెక్క కట్టండి.
పొర మందం 0.1 మిల్లీమీటరు అయితే 20 మిల్లీమీటర్ల నమూనాకు ఎన్ని పొరలు కావాలి?

వ్యాకరణం

1. సంధులు గమనించండి.
అతి + అవసరం = అత్యవసరం (యణాదేశ సంధి)
ఉష్ణ + ఉగ్రత = ఉష్ణోగ్రత (గుణ సంధి)
మొదట + మొదట = మొట్టమొదట (ద్విరుక్తటకార సంధి)

2. సమాసాలు గమనించండి.
ద్వారకా నగరం – ద్వారక అనే పేరు గల నగరం (సంభావనా పూర్వపద కర్మధారయం)
పొడవు వెడల్పులు – పొడవును, వెడల్పును (ద్వంద్వ సమాసం)

3. సొంత వాక్యాలలో ప్రయోగించండి: కత్తిమీద సాము, చేతులు కాలాక ఆకులు పట్టుకొన్నట్లు, పసికట్టు.

చేయవలసిన పని

మీ ఊరిలో కొత్త ఇంటికి కప్పు పోసేచోటికి పెద్దలతో కలిసి వెళ్ళి, పోట్లు ఎక్కడెక్కడ పెట్టారో, వాటిని ఎన్ని రోజులకు తీస్తారో మేస్త్రీని అడిగి తెలుసుకొని వ్రాయండి.