వ్యాయామము మితిమీరినప్పుడు

పాఠ్యభాగము: 1 తిమోతి 4:8, మార్కు 7:31-37

ప్రియులారా, శరీర సాధకము కొంతమట్టుకు మేలు చేయునని పౌలు తిమోతికి వ్రాసెను. ఆ మేలును అతడు కొట్టివేయలేదు, హద్దు మాత్రము చూపెను. దినమంతయు చెనిక్కాయ చేలలో వంగి పనిచేయువారికి వేరే కసరత్తు ఎందుకని మన చక్రాయపేట పెద్దలు నవ్వవచ్చును. అయినను నేటి యువకులు ఫోనులో పరుల కండలు చూచి, తెల్లవారకముందే బాటలలో పరుగెత్తుచున్నారు.

వారిలో వినికిడి లేని యువకుడొకడు ఉన్నాడనుకొందము. పరుగు అతనికి మంచిదే. అయితే ఒక దినము మానినను చిరాకుపడి నిద్రపట్టక దొరలుచున్నాడా? నిన్న చాలినది నేడు చాలకున్నదా? మోకాలు వాచినను ఆగక, చేనిపనిని, ఇంటివారితో భోజనమును విడుచుచున్నాడా? అట్లయిన పరుగే అతనిని ఏలుచున్నది. 1970లో అమెరికా వైద్యుడు బేక్‌లాండ్, ఒక నెల వ్యాయామము మానిన డబ్బిత్తుమని చెప్పినను, ప్రతిదినము చేయువారు ఒప్పుకొనలేదు. వారికంటె తక్కువగా చేయువారే ఒప్పుకొనిరి. వారికిని నిద్ర చెడెను, ఆందోళన పెరిగెను.

వేరే కొలత దొరకనప్పుడు మనుష్యుడు పరులతో పోల్చుకొని తన్ను కొలుచుకొనునని 1954లో లియోన్ ఫెస్టింగర్ వ్రాసెను. ఇక్కడ మనము కొంచెము ఆగవలెను. వినువానికి “చాలులే నాయనా, అలసితివి” అని తల్లి చెప్పును, స్నేహితుడు పరిహాసమాడును. చెవిటి బిడ్డలలో ఎక్కువమంది వినికిడిగల తలిదండ్రులకే పుట్టుదురు గనుక, అనేక గృహములలో సంజ్ఞలు తెలిసినవారు ఉండరు. భోజనమునొద్ద అందరు నవ్వుదురు. ఎందుకో అతనికి తెలియదు. మాట అందనివానికి కొలబద్దగా మిగులునది కన్ను. కన్నేమో దేహమునే చూచును.

కర్నూలు బిడ్డ షేక్ జాఫ్రీన్ 2022లో బ్రెజిల్‌లో జరిగిన బధిరుల ఒలింపిక్స్‌లో మిశ్రమ డబుల్స్ టెన్నిస్‌లో కాంస్యము గెలిచెను. సంతోషమే! 1924లో పారిస్‌లో మొదలైన ఆ పోటీలలో వినికిడి యంత్రములు తీసివేసి ఆడుదురు. పరుగుపందెము వెలుగుతో మొదలగును. అక్కడ సమానులు సమానులతో పోటీపడుదురు. ఆమెను చూపి ఇంటి బిడ్డను దెప్పుట మాత్రము వేరు సంగతి.

ప్రభువు ఆ చెవిటివానిని జనసమూహములోనుండి ప్రత్యేకముగా తీసికొనిపోయెను. అతని చెవులను, నాలుకను ముట్టి, ఆకాశమువైపు చూచి, ఆ తరువాతనే మాట పలికెను. అతడు గ్రహింపగల విధమున మొదట పలుకరించెను.

కావున “పరుగు మాను” అని గద్దించుట పని చేయదు. వారమునకు ఒక దినము విశ్రాంతి అని అతనితోనే కూర్చుండి ఒప్పందము చేసికొనవలెను; గాయము మానువరకు వైద్యునికి చూపవలెను. దిగులు ఎక్కువైన 14416 అను ఉచిత సహాయ నెంబరు కలదు. అతని పక్షమున ఇంటివారు మాటలాడవచ్చును. ఢిల్లీలో 2015లో స్థాపింపబడిన భారతీయ సంజ్ఞా భాషా కేంద్రము తన నిఘంటువులో 2021 నాటికి 10,000 పదములు చేర్చెను. వాటిని ఫోనులోనే చూడవచ్చును. అతని యింటివారును సంఘ యౌవనస్థులును దినమునకు రెండు సంజ్ఞలు నేర్చుకొన్న, క్రిస్మస్ నాటికి కొంత సంభాషణ సాగును. ఆదివారము ఆరాధన అయిన తరువాత, వెలుగు మన ముఖముమీద పడునట్లు అతనికెదురుగా నిలిచి, కేకలు వేయక, నిదానముగా పలుకరింతము. అతడు బదులు చెప్పుటకు ఆలస్యమైనను కనిపెట్టుదము.