ఆలివ్ రిడ్లే తాబేళ్లు: తీరంలో పౌర విజ్ఞానం

కృష్ణమ్మ హంసలదీవి వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది. ఆ తీరానికి ఏటా జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఇవి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు జీవులు.

సామాన్యులు పద్ధతిగా పరిశీలించి, నమోదు చేసి శాస్త్రానికి అందించడమే పౌర విజ్ఞానం. చెన్నైలో విద్యార్థుల బృందం 1988 నుంచి ఈ తాబేళ్ల కోసం ఈ పని చేస్తోంది. ఆంధ్ర తీరంలో ట్రీ ఫౌండేషన్ అనే సంస్థ మత్స్యకార యువతకు తర్ఫీదునిస్తోంది. గుడ్డు ఎక్కడుందో పసిగట్టే చూపు వాళ్లదే, ఆ గౌరవమూ వాళ్లకే దక్కాలి.

రాత్రిపూట ఇసుకలో ట్రాక్టరు టైరు అచ్చులాంటి జాడ కనిపిస్తే దాన్ని పట్టుకుని గూటిదాకా వెళ్తారు. గుడ్లు లెక్కపెట్టి తేదీ, చోటు రాసుకుంటారు. కుక్కలు, నక్కలు తవ్వే ప్రమాదముంటే గుడ్లను హ్యాచరీకి మారుస్తారు. 45-60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. ఇసుక వేడెక్కితే ఆడవి, చల్లగా ఉంటే మగవి ఎక్కువగా పుడతాయి. భూతాపం పెరుగుతున్న ఈ రోజుల్లో ఏళ్ల తరబడి రాసిన ఆ వివరాలు ఎంతో విలువైనవి.

ఒడ్డుకు కొట్టుకొచ్చిన కళేబరాలనూ నమోదు చేస్తారు. ఊపిరితిత్తులతో శ్వాసించే ఈ జీవులు ట్రాలర్ వలల్లో చిక్కి, పైకి రాలేక చనిపోతున్నాయి. వలకు తాబేలు బయటపడే పరికరం బిగిస్తే వీటిని కాపాడవచ్చు.

తికమకపెట్టే రెండు తేదీలు: ప్రపంచ తాబేళ్ల దినం మే 23, ప్రపంచ సముద్ర తాబేళ్ల దినం జూన్ 16.